కాలేజీ మూడిల్‌కి ప్లగిన్ కావాలంటే: రెడీమేడ్‌దా, సొంతదా, బయటి టూలా?

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కాలేజీల్లో మూడిల్ (కోర్సులు, పరీక్షలు, మార్కులు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకునే సార్లు, మేడమ్‌లు తరచుగా అనే మాట ఒకటుంది: "మాకో చిన్న ప్లగిన్ రాసిపెట్టాలి." ప్లగిన్ అంటే మూడిల్‌కి కొత్త సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రామ్. హాజరు 75 శాతం కంటే తగ్గితే ఇంటికి మెసేజ్ పోవాలంటారు. ల్యాబ్ మార్కులన్నీ ఒకే పేజీలో కనిపించాలంటారు. కోర్సు పూర్తి చేసినవాళ్లకు తెలుగులో పేరున్న సర్టిఫికెట్ రావాలంటారు. అడిగినవన్నీ న్యాయమైనవే. అయితే వీటికి దారులు వేరు వేరు. కొన్నిటికి అసలు కోడ్ రాయాల్సిన పనే ఉండదు. దారి సరిగ్గా ఎంచుకుంటే వారంలో తేలే పని, తప్పు దారి పడితే సెమిస్టర్ అంతా సాగుతుంది.

ఎంచుకునే ముందు నేను ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న ఇది: వచ్చే ఏడాది ఈ కోడ్‌ని ఎవరు చూసుకుంటారు? మన దగ్గర ఇలాంటి పనిని ఎక్కువగా ఫైనల్ ఇయర్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇస్తారు. వాళ్లు శ్రద్ధగానే రాస్తారు. పరీక్షలు అయిపోగానే ఉద్యోగాలకని హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోతారు. మూడిల్ పెద్ద వెర్షన్ మాత్రం ఆరు నెలలకోసారి వస్తూనే ఉంటుంది. అప్‌గ్రేడ్ చేసిన రోజు ప్లగిన్ ఎర్రర్ ఇస్తే సరిచేసేవాళ్లు ఉండరు. ఇక అడ్మిన్ ముందు మిగిలేవి రెండే: ప్లగిన్ తీసేయడం, లేదంటే అప్‌గ్రేడ్ ఆపేయడం. ఎక్కువగా రెండోదే జరుగుతుంది. సెక్యూరిటీ ప్యాచ్‌లు లేని సర్వర్ మీద పిల్లల ఫోన్ నంబర్లు, మార్కులు అలాగే ఉండిపోతాయి. అందుకే కింద చెప్పే ప్రతి దారినీ ఈ ప్రశ్న దగ్గర పెట్టే చూశాను.

ముందు ప్లాట్‌ఫామ్ సంగతి

మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మొదలుపెట్టిన మూడిల్ మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. పీహెచ్‌పీలో రాసింది, జీపీఎల్ లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చు. సోర్స్ మొత్తం మన చేతిలో ఉంటుంది, ప్లగిన్ అంటే సరైన చోట పెట్టిన ఒక ఫోల్డర్. పీహెచ్‌పీ, ఎస్‌క్యూఎల్ తెలిసిన బీటెక్ మూడో ఏడాది విద్యార్థికి అందని పని కాదు.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడే కాలేజీకి ఈ స్వేచ్ఛ లేదు. సర్వర్ గూగుల్‌ది, మనం ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకో సాఫ్ట్‌వేర్ మాట్లాడే దారి) ద్వారా బయటి నుంచి మాట్లాడాలి. యాడ్-ఆన్‌లు వాడాలంటే డబ్బు కట్టే ఎడిషన్ ఉండాలి. ఓపెన్ ఈడీఎక్స్ అనే ఇంకో ప్లాట్‌ఫామ్‌లో ప్లగిన్ల కోసం ఎక్స్‌బ్లాక్ అనే పద్ధతి ఉంది, పైథాన్‌లో రాస్తారు, డిజైన్ కూడా బాగుంటుంది. కాకపోతే ఆ ప్లాట్‌ఫామ్ వేల మంది ఒకేసారి చదివే పెద్ద కోర్సుల కోసం కట్టింది. ఒక్క అడ్మిన్, ఒక్క సర్వర్ ఉన్న కాలేజీకి దాన్ని నేను సిఫార్సు చేయను.

మూడిల్ ఉన్నా ఒకటి చూసుకోవాలి: అది ఎక్కడ నడుస్తోంది? మూడిల్ వాళ్లే నడిపే హోస్టింగ్ మూడిల్‌క్లౌడ్, దాని మామూలు ప్లాన్లలో సొంత ప్లగిన్ పెట్టనివ్వరు. తక్కువ రేటుకు దొరికే షేర్డ్ హోస్టింగ్‌లోనూ చిక్కులే. మూడిల్ క్రాన్ (తెర వెనక పనులు చేసే స్క్రిప్ట్) నిమిషానికోసారి నడవాలి, చాలా షేర్డ్ ప్లాన్లు దానికి ఒప్పుకోవు. పిల్లలు పెట్టిన ఫైళ్లుండే మూడిల్‌డేటా ఫోల్డర్ వెబ్‌కి కనబడని చోట ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే ప్లగిన్ సంగతి పక్కన పెట్టి ముందు ఒక చిన్న వీపీఎస్ (పూర్తిగా మన చేతిలో ఉండే అద్దె సర్వర్) తీసుకోండి.

కోడ్ రాయకుండా అయ్యే పనులు

ల్యాబ్ మార్కుల సంగతే తీసుకుందాం. అవన్నీ ఒకే కోర్సులోవైతే గ్రేడ్‌బుక్‌లో (మార్కుల పట్టికలో) "ల్యాబ్" అని ఒక కేటగిరీ తెరిచి, ఆ అసైన్‌మెంట్లన్నీ దాని కిందికి జరిపితే చాలు. మొత్తం దానంతటదే వస్తుంది, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. ఆరు కోర్సుల ల్యాబ్ మార్కులు సెక్షన్ వారీగా ఒకే షీట్‌లో కావాలి అన్నప్పుడే రిపోర్ట్ ప్లగిన్ గురించి ఆలోచించాలి. అడిగేవాళ్లు ఈ తేడా చెప్పరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

హాజరుకి మూడిల్ ప్లగిన్ల డైరెక్టరీలో అటెండెన్స్ అనే ప్లగిన్ ఎప్పటి నుంచో ఉంది. క్యూఆర్ కోడ్ చూపించి పిల్లలే తమ హాజరు వేసుకునే వీలు కూడా అందులో ఉంది. హాజరు తీసుకునే ప్లగిన్ మళ్లీ మొదటి నుంచి రాయడం వృథా శ్రమ. సీ ల్యాబ్‌లో ప్రోగ్రామ్‌లు ఆటోమేటిక్‌గా దిద్దాలంటే కోడ్‌రన్నర్ ఉంది. దానికి జోబ్ అనే సర్వర్ వేరే మిషన్ మీద పెట్టుకోవాలి. అదే పనికి వీపీఎల్ అని ఇంకోటి ఉంది. ఇంటరాక్టివ్ వీడియోలు, డ్రాగ్ చేసే ప్రశ్నలు కావాలంటే హెచ్‌5పీ మూడిల్‌తో పాటే వస్తుంది. 4.0 నుంచి కస్టమ్ రిపోర్టులు కట్టుకునే రిపోర్ట్ బిల్డర్ కూడా లోపలే ఉంది. వాటిని షెడ్యూల్ పెట్టి హెచ్‌ఓడీకి మెయిల్ వెళ్లేలా చేయొచ్చు.

రెడీమేడ్ ప్లగిన్ ఎంచుకునేటప్పుడు పేరు, బొమ్మలు చూసి మోసపోవద్దు. మీ మూడిల్ వెర్షన్ దాని సపోర్ట్ జాబితాలో ఉందా, చివరి రిలీజ్ ఎప్పుడు వచ్చింది, బగ్‌లు రాసినవాళ్లకు జవాబులు వస్తున్నాయా, ఈ మూడూ చూడండి. రెండేళ్లుగా కదలిక లేని ప్లగిన్ పెట్టుకుంటే దాన్ని చూసుకునే బరువు మీ నెత్తినే పడుతుంది, అదీ ఎవరో రాసిన కోడ్‌తో.

రాయక తప్పకపోతే: బ్లాక్, లోకల్, రిపోర్ట్, మాడ్

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఏం రాయాలన్నా సరే "యాక్టివిటీ మాడ్యూల్" మొదలుపెడతారు. మాడ్ అంటే కోర్సులో క్విజ్, అసైన్‌మెంట్‌లా టీచర్ చేర్చుకునే వస్తువు. అన్నిటికంటే బరువైన పని అదే. ఫామ్ ఫైల్ రాయాలి. యాక్టివిటీని చేర్చే, మార్చే, తీసేసే మూడు ఫంక్షన్లు రాయాలి. టేబుళ్లు, పర్మిషన్లు, గ్రేడ్‌బుక్‌తో లింకు, పని పూర్తయిందో లేదో చూపే కంప్లీషన్, అన్నీ చూసుకోవాలి. వీటన్నిటి కంటే ఎక్కువగా వదిలేసేది బ్యాకప్ కోడ్. కాలేజీల్లో జూన్, జులైలో ఏం చేస్తారు? పాత బ్యాచ్ కోర్సుని కొత్త బ్యాచ్‌కి కాపీ చేస్తారు. మీ మాడ్యూల్‌కి బ్యాకప్, రీస్టోర్ కోడ్ లేకపోతే ఆ కాపీలో మీ యాక్టివిటీ రాదు. టీచర్‌కి తెలిసేసరికి క్లాసులు మొదలైపోతాయి. ప్రాజెక్టుగా చేసేవాళ్లు డెమో వరకే చూస్తారు కాబట్టి వైవాలో ఇది బయటపడదు.

పిల్లలు లోపలికి వెళ్లి ఏదైనా పని చేయాలి, దానికి మార్కు రావాలి, అది కోర్సు పేజీలో వరుసలో కనబడాలి. ఈ మూడూ నిజమైతేనే మాడ్ రాయండి.

సమాచారం చూపించడం వరకే అయితే బ్లాక్ చాలు. "ఈ వారం నీ హాజరు ఇంత" అని డ్యాష్‌బోర్డ్ పక్కన ఒక పెట్టెలో చూపాలంటే ఒక క్లాస్, అందులో కంటెంట్ ఇచ్చే ఒక ఫంక్షన్, ఇంకో రెండు మూడు చిన్న ఫైళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి ప్లగిన్‌గా బ్లాక్‌నే చెబుతాను. దీనికున్న పెద్ద లోటు ఫోన్ యాప్. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల్లో ల్యాప్‌టాప్ లేనివాళ్లుంటారు, మూడిల్ యాప్‌లోనే అంతా చూస్తారు. మీరు రాసిన ప్లగిన్ యాప్‌లో కనబడాలంటే ప్లగిన్ లోపలి డీబీ ఫోల్డర్‌లో మొబైల్ ఫైల్ విడిగా రాసి, యాప్‌కి తగ్గ టెంప్లేట్ ఇవ్వాలి. మాడ్‌కి అది రాయకపోతే "బ్రౌజర్‌లో తెరవండి" అని వస్తుంది. బ్లాక్‌కి రాయకపోతే ఆ పెట్టె ఉన్నట్టే పిల్లలకు తెలియదు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్లకే కనబడనప్పుడు ఎంత అందంగా రాసి ఏం లాభం? కాబట్టి పని మొదలుపెట్టే రోజే పది మంది పిల్లలను అడగండి, మూడిల్ దేనిలో తెరుస్తున్నారని.

రిపోర్ట్ ప్లగిన్ చదవడానికి మాత్రమే. డేటా మార్చదు కాబట్టి ప్రమాదం తక్కువ, అప్‌గ్రేడ్‌లో పగిలేదీ తక్కువ. పైన చెప్పిన ఆరు కోర్సుల మార్కుల షీట్‌కి ఇదే సరి.

తెర వెనక జరిగే పనులకు లోకల్ ప్లగిన్. రాత్రి ఒకసారి నడిచే షెడ్యూల్డ్ టాస్క్, క్విజ్ సబ్మిట్ అయినప్పుడు స్పందించే అబ్జర్వర్, బయటి సాఫ్ట్‌వేర్‌కి డేటా ఇచ్చే వెబ్ సర్వీస్, ఇవన్నీ ఇందులో పెట్టొచ్చు. వేరే ఏ రకంలోనూ ఇమడనిది లోకల్‌లో పెట్టాలన్నది మూడిల్ వాళ్ల సలహా కూడా. క్వశ్చన్ టైప్, ఎన్‌రోల్‌మెంట్, లాగిన్ పద్ధతుల ప్లగిన్లు వేరే ఉన్నాయి. అవి అవసరమైనవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

ఏ రకమైనా సరే, ఒక్క పని మాత్రం చేయొద్దు: మూడిల్ సొంత ఫైళ్లలో చెయ్యి పెట్టడం. "ఒక్క లైనే కదా" అని మార్చిన లైను తర్వాతి అప్‌గ్రేడ్‌లో చెరిగిపోతుంది, ఎందుకు పనిచేయడం లేదో ఎవరికీ అంతుపట్టదు.

హాజరు మెసేజ్: ఒక ఉదాహరణ పూర్తిగా

హాజరు అటెండెన్స్ ప్లగిన్‌లో ఉంది. మనకు కావాల్సింది తగ్గినవాళ్లను వెతికి ఇంటికి కబురు పంపడం. అంటే ఒక లోకల్ ప్లగిన్, అందులో ఒక షెడ్యూల్డ్ టాస్క్. ఇక్కడిదాకా సులువే. ఎస్ఎంఎస్ దగ్గరే అసలు పని.

మన దేశంలో సంస్థల నుంచి వెళ్లే ఎస్ఎంఎస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీ (టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదిక) రిజిస్ట్రేషన్ ఉండాలి. కాలేజీ పేరు, మెసేజ్ పంపే హెడర్ (ఎవరి నుంచి వచ్చిందో చూపే పేరు), మెసేజ్ మాటలు, మూడూ ముందే నమోదు చేయించాలి. నమోదైన టెంప్లేట్‌కి తేడాగా ఒక్క మాట ఉన్నా మెసేజ్ పోదు. కాబట్టి ప్లగిన్‌లో మెసేజ్ రాసుకునే ఖాళీ పెట్టె టీచర్లకు ఇవ్వొద్దు. టెంప్లేట్ ఐడీ, మారే చోట్ల విద్యార్థి పేరు, శాతం, అంతే సెట్టింగ్స్‌లో ఉండాలి. రిజిస్ట్రేషన్ కాలేజీ పేరు మీద జరగాలి, దానికి ఆఫీసు కాగితాలు కావాలి. కోడ్ మొదలుపెట్టిన రోజే ఆ దరఖాస్తు కూడా పెట్టించండి.

మెసేజ్ తెలుగులో ఉంటేనే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు అర్థమవుతుందని మనకు తెలుసు. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, అందులో గుణింతం గుర్తు, పొల్లు కూడా ఒక్కోటి ఒక్కో అక్షరం కిందే లెక్క. దాటితే రెండో మెసేజ్ చార్జీ. "మీ అబ్బాయి హాజరు 68 శాతం. కాలేజీకి రండి." అన్నంత పొట్టిగా రాస్తే ఒక్క మెసేజ్‌లో సరిపోతుంది. డబ్బు ఆదా అవుతుందని ఇంగ్లిష్‌కి మారొద్దని నా గట్టి అభిప్రాయం. చదవలేని మెసేజ్ పంపినా పంపనట్టే.

మూడిల్ 4.5 నుంచి ఎస్ఎంఎస్ కోసం లోపలే ఒక వ్యవస్థ పెట్టారు. దాంతో పాటు వచ్చే గేట్‌వే (మెసేజ్‌ని ఎస్ఎంఎస్ కంపెనీకి చేర్చే ముక్క) అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌ది. మీ ఎస్ఎంఎస్ కంపెనీకి ఎస్ఎంఎస్ గేట్‌వే రకం ప్లగిన్ చిన్నది ఒకటి రాసి, హాజరు ప్లగిన్‌ని దాని మీదుగా పంపించండి. రెండు పనులనూ ఒకే ఫైల్‌లో కలిపి కుట్టేస్తే రేపు ఎస్ఎంఎస్ కంపెనీ మారినప్పుడు మొత్తం విప్పాల్సి వస్తుంది. విడివిడిగా ఉంటే గేట్‌వే ఒక్కటీ మారిస్తే సరి.

తల్లిదండ్రుల నంబర్‌కి కస్టమ్ ప్రొఫైల్ ఫీల్డ్ పెట్టి, దాన్ని అడ్మిన్ మాత్రమే మార్చేలా లాక్ చేయండి. లేకపోతే ఆ నంబర్ స్థానంలో స్నేహితుడి నంబర్ రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

తెలుగు సర్టిఫికెట్ దగ్గర వచ్చే చిక్కు

సర్టిఫికెట్‌కి రెడీమేడ్ ప్లగిన్లు ఉన్నాయి, ఇంగ్లిష్‌లో చక్కగా పనిచేస్తాయి. తెలుగు పేరు పెట్టగానే అక్షరాలు విరిగిపోతాయి. మూడిల్ పీడీఎఫ్ తయారుచేసే టీసీపీడీఎఫ్ లైబ్రరీకి భారతీయ లిపుల ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. "హన్మకొండ"లో మ ఒత్తు కిందికి దిగకుండా న్ పక్కన మ విడిగా నిలబడుతుంది. ఫాంట్ మార్చినా ఇది పోదు. ఫాంట్లు మార్చి చూస్తూ రోజులు పోగొట్టుకోకండి.

దీనికి రెండు దారులున్నాయి. ఎంపీడీఎఫ్ లైబ్రరీ తెలుగు ఒత్తులను కలపగలదు, దాన్ని సొంత ప్లగిన్‌లో చేర్చుకోవచ్చు. కాకపోతే ఆ లైబ్రరీ వెర్షన్లు కూడా మీరే చూసుకోవాలి. రెండోది, సర్టిఫికెట్‌ని మామూలు వెబ్ పేజీగా చూపించి బ్రౌజర్‌లోనే ప్రింట్ చేసి పీడీఎఫ్‌గా దాచుకోమనడం. బ్రౌజర్‌కి తెలుగు బాగా వచ్చు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని ప్లగిన్‌తో పాటే ఇస్తే ఫోన్‌లోనూ ఒకేలా వస్తుంది. చూసుకునేవాళ్లు తక్కువగా ఉన్న కాలేజీకి రెండోదే మంచిది. తెలుగు పేరు కోసం ప్రొఫైల్‌లో ఆల్టర్నేట్ నేమ్ అనే ఖాళీ ఉంది, దాన్ని వాడుకోవచ్చు. డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని లిపులూ పట్టే అక్షర ఎన్‌కోడింగ్)లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

బయటి టూల్: ఎల్‌టీఐ ఎప్పుడు

మీ పని పైథాన్‌లోనో నోడ్‌లోనో ఇప్పటికే తయారై ఉంటే, లేదా ఒకే టూల్‌ని నాలుగైదు కాలేజీలు వాడాల్సి ఉంటే, మూడిల్ ప్లగిన్ రాయొద్దు. ఎల్‌టీఐ 1.3 (బయటి టూల్‌ని మూడిల్ లాంటి ప్లాట్‌ఫామ్‌కి కలిపే ప్రమాణం) పద్ధతిలో బయటి టూల్‌గా కలపండి. విద్యార్థి మూడిల్‌లో లింకు నొక్కితే సంతకం చేసిన టోకెన్‌తో మీ సర్వర్‌కి వస్తాడు, మళ్లీ లాగిన్ అక్కర్లేదు. మార్కు తిరిగి మూడిల్ గ్రేడ్‌బుక్‌లోకి వెళ్తుంది. ఇదే టూల్ మూడిల్ లాంటి వేరే ప్లాట్‌ఫామ్‌లు కాన్వాస్‌లో, బ్లాక్‌బోర్డ్‌లో కూడా పనిచేస్తుంది. మూడిల్ అప్‌గ్రేడ్ అయినా మీ కోడ్ జోలికి రాదు, ఎందుకంటే మధ్యలో ఉన్నది అందరూ పాటించే ప్రమాణం. నేను మొదట అడిగిన ప్రశ్నకు దీర్ఘకాలంలో బాగా నిలబడేది ఈ దారే.

దానికి ఖర్చు ఉంది. సొంత సర్వర్, డొమైన్, హెచ్‌టీటీపీఎస్, బ్యాకప్ అన్నీ మీవే. పైగా ఇప్పటి బ్రౌజర్లలో కొన్ని వేరే సైట్ కుకీలను అడ్డుకుంటాయి కాబట్టి మూడిల్ పేజీ లోపల ఫ్రేమ్‌లో తెరిస్తే లాగిన్ నిలవకపోవచ్చు. "కొత్త విండోలో తెరువు" అని పెడితే ఆ బాధ ఉండదు. మూడిల్ లోపలి డేటా, అంటే హాజరు, మిగతా క్విజ్ మార్కులు కావాలంటే మాత్రం ఎల్‌టీఐ చాలదు, ప్లగినే రాయాలి.

రాసే మిషన్ మీద సెటప్

విండోస్ ల్యాప్‌టాప్, జాంప్ (XAMPP, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిసి వచ్చే ప్యాకేజీ) అని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అలవాటైన దారి కాబట్టి అర్థం చేసుకోగలను. కానీ ఇక్కడ ఒక గోడ ఉంది: జాంప్‌తో వచ్చే డేటాబేస్ మరియాడీబీ 10.4, మూడిల్ 4.5కి కనీసం 10.6.7 కావాలి. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. డేటాబేస్‌ని విడిగా మార్చుకోవచ్చు, కానీ అంత శ్రమ పడేవాళ్లు మంచి దారికే మారొచ్చు. జాంప్‌తోనే పోవాలంటే పీహెచ్‌పీ సెట్టింగ్స్‌లో ఇంటిల్, జీడీ, జిప్, సోడియం ఎక్స్‌టెన్షన్లు ఆన్ చేయాలి, మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్‌ని 1000 నుంచి 5000కి పెంచాలి.

నా సలహా: 8 జీబీ ర్యామ్ ఉంటే డాకర్ (కావాల్సిన సాఫ్ట్‌వేర్లన్నిటినీ విడి పెట్టెల్లో నడిపే టూల్). మూడిల్ వాళ్లే ఇచ్చే మూడిల్-డాకర్ రిపాజిటరీ తీసుకుంటే డేటాబేస్, పీహెచ్‌పీ, టెస్టింగ్ బ్రౌజర్, మెయిల్ పట్టుకునే టూల్ అన్నీ ఒకేసారి లేస్తాయి. ఇద్దరు పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఒకేలా నడుస్తుంది, "నా దాంట్లో వస్తోంది సార్" అనే గొడవ ఉండదు. విండోస్‌లో అయితే కోడ్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) లోపలి లినక్స్ ఫోల్డర్‌లో పెట్టండి, లేకపోతే ఒక్కో పేజీ తెరుచుకోవడానికి విసుగొచ్చేంత సేపు పడుతుంది. ల్యాబ్‌లో 4 జీబీ మిషన్లే ఉంటే ఉబుంటు వేసి, దాని మీదే అపాచీ, పీహెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్ నేరుగా పెట్టుకోండి. నడుస్తున్న కాలేజీ సర్వర్ మీద మాత్రం ప్లగిన్ రాయొద్దు, ఎవరు చెప్పినా సరే.

డీబగ్గింగ్‌ని డెవలపర్ స్థాయికి పెట్టడం మొదటి రోజే చేయాలి. మూడిల్ కాషే (పేజీలు త్వరగా రావడానికి దాచుకునే కాపీ) చాలా గట్టిది. భాషా ఫైల్ మార్చినా, టెంప్లేట్ మార్చినా దాన్ని ఖాళీ చేసే పర్జ్ కాషెస్ నడపందే కొత్తది కనబడదు.

మొదటి ఫోల్డర్

ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టకండి. ప్లగిన్ స్కెలిటన్ జనరేటర్ అనే టూల్ ఉంది, రకం, పేరు చెబితే అవసరమైన ఫైళ్లన్నీ తయారుచేసి ఇస్తుంది. హాజరు ప్లగిన్ అయితే లోకల్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఒక ఫోల్డర్, పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. కాంపొనెంట్ పేరు లోకల్, అండర్‌స్కోర్, హాజరు. ఈ పేరు ప్రతి ఫైల్‌లో, ప్రతి టేబుల్‌లో అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మూడిల్ దాన్ని గుర్తించదు.

కొత్తవాళ్లను బాగా ఏడిపించేది వెర్షన్ ఫైల్‌లోని నంబర్. 2025110300 అన్నట్టు ఉంటుంది: ఏడాది, నెల, తేదీ, చివర రెండంకెలు ఆ రోజు వరుస సంఖ్య. డీబీ ఫోల్డర్‌లో కొత్త పర్మిషన్ రాసినా, కొత్త టాస్క్ చేర్చినా, ఈ నంబర్ పెంచందే మూడిల్ వాటిని చదవదు. కోడ్ అంతా సరిగ్గా ఉంటుంది, టాస్క్ జాబితాలో మాత్రం కనబడదు. అలాంటప్పుడు మొదట చూడాల్సింది ఈ నంబర్‌నే. టేబుళ్లను చేత్తో రాయకుండా అడ్మిన్ మెనూలోని ఎక్స్ఎంఎల్‌డీబీ ఎడిటర్‌తో తయారుచేసుకోండి.

భద్రత దగ్గర రాజీ వద్దు. ప్రతి పేజీ మొదట లాగిన్ తనిఖీ, ఆ వెంటనే పర్మిషన్ తనిఖీ. యూఆర్ఎల్ నుంచి వచ్చే విలువని నేరుగా తీసుకోకుండా అది అంకె అని చెప్పి మూడిల్ ఫంక్షన్ ద్వారా తీసుకోవాలి. క్వెరీలో విలువలను అతికించకుండా ప్రశ్న గుర్తులు పెట్టి విడిగా ఇవ్వాలి. ఏదైనా మార్చే, తీసేసే లింకులకు సెస్‌కీ (ఆ పని అడిగింది లాగిన్ అయిన మనిషే అని తేల్చే రహస్య గుర్తు) తనిఖీ ఉండాలి. కాలేజీ ప్లగిన్లలో నేను చూసేది ఎక్కువగా లాగిన్ తనిఖీ ఉండి పర్మిషన్ తనిఖీ లేకపోవడం. అప్పుడు యూఆర్ఎల్‌లో ఐడీ మార్చి ఏ విద్యార్థి అయినా పక్కవాడి హాజరు చూడగలడు.

వ్యక్తిగత వివరాలు దాచే ప్లగిన్‌కి, ఏమేం దాస్తుందో మూడిల్‌కి చెప్పే ప్రైవసీ ప్రొవైడర్ క్లాస్ కూడా రాయాలి. ఇంటర్, పాలిటెక్నిక్ పిల్లలు చాలామంది 18 ఏళ్ల లోపువాళ్లే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో వాళ్లు పిల్లలు, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి గురించి అందులో ప్రత్యేకంగా ఉంది. అవసరం లేని ఫీల్డ్ ఒక్కటి కూడా దాచకండి.

ఏ వెర్షన్ మీద

కాలేజీ సర్వర్‌కి 4.5 ఎంచుకోండి. అది ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్, 2027 అక్టోబర్ దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, పీహెచ్‌పీ 8.1 నుంచి 8.3 దాకా నడుస్తుంది. 5.0కి పీహెచ్‌పీ 8.2 తప్పనిసరి. 5.1లో వెబ్‌కి కనబడే ఫైళ్లన్నీ పబ్లిక్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లాయి, ప్లగిన్ పెట్టే చోటు కూడా దానితో మారింది. కోడ్‌లో ఫోల్డర్ దారులను చేత్తో రాసినవాళ్లకు అక్కడ దెబ్బ తగులుతుంది. పేజీ తలలో, అడుగున ఏదైనా చేర్చడానికి పాత పద్ధతి ఫంక్షన్లు వాడకుండా 4.3లో మొదలైన హుక్స్ పద్ధతి (మూడిల్ చెప్పినప్పుడు మన కోడ్ నడిచే ఏర్పాటు) వాడండి. పాతవాటిని మెల్లగా తీసేస్తున్నారు.

పని అప్పగించేటప్పుడు గిట్ రిపాజిటరీ (కోడ్, దాని మార్పులు దాచే చోటు) విద్యార్థి సొంత అకౌంట్‌లో కాకుండా కాలేజీ అకౌంట్‌లో ఉండాలి. ఫైనల్ ఇయర్ జట్టులో కనీసం ఒక మూడో ఏడాది విద్యార్థిని కలపండి. వైవాకి ముందు ఆ జూనియర్‌కి ఖాళీ డాకర్ సెటప్, రీడ్‌మీ (ఎలా పెట్టాలో రాసిన) ఫైల్ మాత్రమే ఇచ్చి, సీనియర్లు పక్కన లేకుండా ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి, ఒక టెస్ట్ మెసేజ్ పంపించమనండి. ఎక్కడ ఆగిపోతే ఆ లైను రీడ్‌మీలో రాయించి, మళ్లీ మొదటి నుంచి చేయించండి. అది ఆగకుండా పూర్తయ్యాకే కాలేజీ సర్వర్ మీద పెట్టండి.